డ్రైవర్ తీయాలా, వద్దా? తెల్ల కర్రలు చెప్పే లెక్క

2022 జూన్. అమెరికాలోని కనెటికట్ రాష్ట్రంలో ట్రావెలర్స్ ఛాంపియన్‌షిప్ గోల్ఫ్ టోర్నీ చివరి రోజు, చివరి హోల్. తెలుగు కుటుంబంలో పుట్టి కాలిఫోర్నియాలో పెరిగిన సాహిత్ తీగల ఒక్క స్ట్రోక్ (దెబ్బ) ఆధిక్యంలో ఉన్నాడు. పీజీఏ టూర్‌లో (అమెరికాలోని ప్రధాన ప్రొఫెషనల్ టోర్నీల వరసలో) అప్పటికి అతనికి ఒక్క గెలుపూ లేదు. టీ మీంచి కొట్టిన బంతి ఎడమ పక్క ఫెయిర్‌వే బంకర్‌లో, అంటే ఇసుక గుంటలో పడింది. ఎదురుగా గుంట గోడ. మొదటి దెబ్బకు బంతి బయటికి రాలేదు. పార్ నాలుగున్న, అంటే నాలుగు స్ట్రోక్‌లలో ముగించాల్సిన ఆ హోల్‌కి ఆరు పడ్డాయి. వెనకే వచ్చిన జాండర్ షాఫ్లీ బర్డీ (పార్‌కన్నా ఒకటి తక్కువ) చేసి, రెండు స్ట్రోక్‌ల తేడాతో టైటిల్ గెలుచుకున్నాడు.

అలాంటి ఓటమి చూసినప్పుడు మనందరి నోట వచ్చే మాట ఒకటే: "కొంచెం తగ్గించి, తిన్నగా కొట్టి ఉంటే సరిపోయేది కదా!" నేనూ చాలాకాలం అదే నమ్మాను. ఆదివారం పొద్దున మనతో ఆడేవాళ్లు చెప్పే సలహా కూడా అదే. డ్రైవర్ లోపల పెట్టు, 3-వుడ్ తీయి, బంతి ఫెయిర్‌వే మీద ఉంటే చాలు. వినడానికి చాలా సబబుగా ఉంటుంది. కానీ లెక్క వేసి చూస్తే ఈ సలహా సగం హోల్స్‌లో నష్టమే తెస్తుంది. మిగతా చోట్ల మాత్రం రౌండ్‌ని కాపాడుతుంది. ఏ హోల్ ఏ రకమో గుర్తుపట్టడమే అసలు పని.

గోల్ఫ్ కొత్తవాళ్ల కోసం రెండు మాటలు. ప్రతి హోల్‌లో మొదటి బంతిని టీ అనే చిన్న పుల్ల మీద పెట్టి కొడతాం. ఎదురుగా గడ్డి పొట్టిగా కత్తిరించిన దారి ఫెయిర్‌వే. దాని పక్కన ఏపుగా పెంచిన గడ్డి రఫ్. అది దాటితే చెట్లు, నీళ్లు ఉంటాయి. తెల్ల కర్రలు పాతి ఉంటే ఆ అవతల ఔట్ ఆఫ్ బౌండ్స్, అందరం అనేది ఓబీ. చివర జెండా పాతి, నున్నగా కత్తిరించిన గడ్డి చోటు గ్రీన్. డ్రైవర్ అంటే అన్నిటికన్నా పొడవైన, అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్. 3-వుడ్ దాని తర్వాతది. హైబ్రిడ్, ఐరన్లు ఇంకా పొట్టివి, తక్కువ దూరం వెళ్తాయి. వెడ్జ్ దగ్గరి దూరాలకి.

దశాబ్దాల పాటు టీ షాట్‌ని కొలిచిన పద్ధతి చాలా మొరటుది. ఒక పక్క సగటు దూరం, ఇంకో పక్క ఎన్ని ఫెయిర్‌వేలు దొరికాయన్న శాతం. ఈ రెండో అంకెలో ఒక పెద్ద లోపం ఉంది. ఫెయిర్‌వే అంచుకి అడుగు అవతల, పొట్టి రఫ్‌లో పడిన బంతీ తప్పే. రోడ్డు దాటి ఎవరి ఇంటి పెరట్లోనో పడిన బంతీ తప్పే. కార్డు మీద రెంటికీ ఒకే గుర్తు. మొదటిదాని ధర పావు స్ట్రోక్, రెండోదాని ధర రెండు స్ట్రోక్‌లు. ఎనిమిది రెట్లు తేడా ఉన్న రెండు తప్పుల్ని ఒకే గంపలో వేసి, ఆ గంప బరువు చూసి నిర్ణయాలు తీసుకుంటూ వచ్చాం.

ఈ చిక్కుని విప్పింది కొలంబియా యూనివర్సిటీ బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్ మార్క్ బ్రోడీ. పీజీఏ టూర్ తన టోర్నీల్లో ప్రతి షాట్‌నీ కొలిచి 'షాట్‌లింక్' అనే వ్యవస్థలో నమోదు చేస్తుంది. ఆ లక్షల షాట్లు దగ్గర పెట్టుకుని ఆయన ఒక్క ప్రశ్న అడిగాడు: బంతి ఇక్కడ ఉంది, ఇక్కణ్ణుంచి హోల్ ముగించడానికి టూర్ ఆటగాడికి సగటున ఇంకెన్ని స్ట్రోక్‌లు పడుతున్నాయి? 'స్ట్రోక్స్ గెయిన్డ్' అన్న పేరుతో ఇప్పుడు టీవీలో కనిపించే అంకెలన్నిటికీ మూలం ఇదే. టూర్ 2011లో దాన్ని పుటింగ్‌కి (గ్రీన్ మీద బంతిని హోల్‌లోకి దొర్లించే షాట్లకి) మొదలుపెట్టి, తర్వాత టీ షాట్లకూ తెచ్చింది.

బ్రోడీ పట్టికలోంచి కొన్ని అంకెలు చూద్దాం. హోల్‌కి 160 గజాల దూరంలో, ఫెయిర్‌వే మీద బంతి ఉంటే ముగించడానికి సగటున 2.98 స్ట్రోక్‌లు. అదే దూరంలో రఫ్‌లో ఉంటే 3.23. అంటే రఫ్‌లో పడ్డందుకు కట్టే ధర పావు స్ట్రోక్. ఇప్పుడు దూరం విలువ చూడండి. ఫెయిర్‌వే మీద 140 గజాల నుంచి 2.91, 160 నుంచి 2.98, 180 నుంచి 3.08. ఇరవై గజాలు ముందుకెళ్తే పదో వంతు స్ట్రోక్ కన్నా కాస్త తక్కువ లాభం. రఫ్ చేసే నష్టం ఇరవై గజాల లాభానికి మూడు రెట్లుంది. ఇక్కడిదాకా చూసి ఆగిపోతే పాత సలహాయే గెలిచినట్టు కనిపిస్తుంది.

అయితే ఇరవై గజాల లాభం ప్రతి బంతికీ వస్తుంది. రఫ్ నష్టం మాత్రం 3-వుడ్‌తో ఫెయిర్‌వే దొరికి, డ్రైవర్‌తో దొరకని ఆ కొద్ది బంతులకే వస్తుంది. చాలామంది తడబడేది ఇక్కడే. కాబట్టి కాస్త నిదానంగా ఒక ఉదాహరణ చూద్దాం.

440 గజాల పార్-4 అనుకోండి. మన ఆటగాడు డ్రైవర్‌తో 300 గజాలు కొడతాడు, 140 మిగులుతాయి. 3-వుడ్‌తో 280 కొడతాడు, 160 మిగులుతాయి. డ్రైవర్‌తో నూటికి 60 సార్లు ఫెయిర్‌వే దొరుకుతుందనీ, 3-వుడ్‌తో 70 సార్లనీ అనుకుందాం. తప్పినవన్నీ రఫ్‌లోనే పడతాయి. డ్రైవర్ లెక్క: 60 బంతులు 2.91 చొప్పున, 40 బంతులు 3.15 చొప్పున, సగటు 3.006. 3-వుడ్ లెక్క: 70 బంతులు 2.98 చొప్పున, 30 బంతులు 3.23 చొప్పున, సగటు 3.055. పది ఫెయిర్‌వేలు ఎక్కువ దొరికినా 3-వుడ్ వెనకబడింది. సమానం కావాలంటే ఎన్ని దొరకాలో వేసి చూశాను: నూటికి 90. ఇటీవలి ఏళ్లలో టూర్ సగటు 60 శాతం దరిదాపుల్లోనే ఉంటోంది. తొంభై శాతం అంటే ఎవరికీ అందని మాట.

తేడా ఒక హోల్‌కి 0.05 మాత్రమే కదా అనిపించవచ్చు. అలాంటి హోల్స్ రౌండ్‌కి పది ఉంటే అర స్ట్రోక్. నాలుగు రోజుల టోర్నీలో రెండు స్ట్రోక్‌లు. తీగల ఆ జూన్‌లో ఓడిపోయిన తేడా కూడా రెండే.

ఇక లెక్కలోకి అసలు ప్రమాదాల్ని తెద్దాం. డ్రైవర్ కొట్టిన నూటిలో ఐదు బంతులు చెట్ల వెనక్కి పోయాయనుకోండి. అక్కణ్ణుంచి గ్రీన్ వైపు కొట్టే దారి ఉండదు, పక్కకి కొట్టి బయటపడాలి. బ్రోడీ పట్టికలో 140 గజాల దగ్గర అలాంటి చోటి ధర 3.80. ఆ ఐదూ కలిపితే డ్రైవర్ సగటు 3.04 దాకా పెరుగుతుంది. ఇప్పటికీ 3-వుడ్‌కన్నా మెరుగే. ఇప్పుడు ఇంకో రెండు బంతులు తెల్ల కర్రలు దాటాయనుకుందాం. ఓబీ అంటే ఒక పెనాల్టీ స్ట్రోక్, పైగా మళ్లీ టీ దగ్గరికి వెళ్లి మొదటినుంచి మొదలుపెట్టాలి. అలాంటి ఒక్కో బంతికి ఇంకా 5.08 స్ట్రోక్‌లు పడతాయి. డ్రైవర్ సగటు 3.077కి చేరింది. 3-వుడ్ ఒక్కటి కూడా బయటికి పోనివ్వకపోతే, అది 3.055 దగ్గర గెలిచేసింది.

పది ఫెయిర్‌వేల తేడా మార్చలేని నిర్ణయాన్ని రెండు ఓబీ బంతులు మార్చేశాయి. ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నది ఇదే. టీ మీద నిలబడి ఫెయిర్‌వే ఎంత వెడల్పుందని చూడటం మానేసి, ఎడమ పక్క ప్రమాదం నుంచి కుడి పక్క ప్రమాదం దాకా ఎంత జాగా ఉందని చూడాలి. ఆ జాగాలో మీ బంతులు పడే పరిధి పడుతుందంటే డ్రైవర్ తీయండి, ఫెయిర్‌వే సన్నగా కనిపించినా సరే. పట్టదంటే క్లబ్ మార్చండి, ఫెయిర్‌వే విశాలంగా కనిపించినా సరే.

ఆ పరిధి ఎంత ఉంటుందో తెలిస్తే టూర్ ఆటగాళ్ల మీద మనకున్న అభిప్రాయం కూడా మారుతుంది. టీవీలో మంచి షాట్లే ఎక్కువ చూపిస్తారు కాబట్టి, వాళ్ల బంతులన్నీ గీత గీసినట్టు వెళ్తాయని అనుకుంటాం. స్కాట్ ఫాసెట్ అనే అమెరికన్ కోచ్ మంచి ఆటగాళ్ల డ్రైవర్ బంతులు చెల్లాచెదురయ్యే వెడల్పుని సుమారు 65 గజాలుగా లెక్కగట్టి, రెండు ప్రమాదాల మధ్య అంత జాగా ఉంటే డ్రైవరే కొట్టమంటాడు. మామూలు ఫెయిర్‌వే వెడల్పు అందులో సగం ఉంటే గొప్ప. ప్రపంచంలో అందరికన్నా బాగా కొట్టేవాళ్లకే ఫెయిర్‌వే సరిపోనప్పుడు, ఫెయిర్‌వే తప్పిన ప్రతిసారీ మనం తల పట్టుకోవడంలో అర్థం లేదు.

చిన్న క్లబ్ తీస్తే పరిధి చాలా తగ్గుతుందనేది ఇంకో నమ్మకం. కాస్త త్రికోణమితి గుర్తు చేసుకుంటే విషయం తేలిపోతుంది. బంతి నాలుగు డిగ్రీలు పక్కకి పోతే 300 గజాల దగ్గర 21 గజాలు తప్పుతుంది. అదే కోణంలో 280 గజాల దగ్గర 19.6 గజాలు తప్పుతుంది. ఇరవై గజాల దూరం వదులుకుని గజంన్నర కొనుక్కున్నాం. నిజానికి చిన్న క్లబ్‌తో కోణం కూడా కాస్త తగ్గుతుంది. కర్ర పొట్టిది కాబట్టి బంతి క్లబ్ మధ్యలో తగిలే అవకాశం ఎక్కువ. ముఖం ఎక్కువ వాలుగా ఉంటుంది కాబట్టి బంతి వెనక్కి తిరిగే వేగం పెరిగి, పక్కకి వంపు తిరగడం తగ్గుతుంది. కానీ డ్రైవర్‌కీ 3-వుడ్‌కీ మధ్య ఈ లాభం కొద్దిపాటిదే. హైబ్రిడ్‌కో, 5-ఐరన్‌కో దిగితేగానీ పరిధి కంటికి తెలిసేంత తగ్గదు. అందుకే "డ్రైవర్ భయంగా ఉంది, 3-వుడ్ కొడతా" అనేది నా దృష్టిలో చాలాసార్లు రెంటికీ చెడ్డ బేరం. దూరం పోతుంది, ప్రమాదం అక్కడే ఉంటుంది. 3-వుడ్‌ని నమ్ముకోవాల్సింది అది ప్రమాదం దాకా చేరని చోట. నీళ్లు 230 గజాల దగ్గర మొదలవుతుంటే, మీ 3-వుడ్ 210 వెళ్తుంటే, అప్పుడది మంచి నిర్ణయం.

ఈ లెక్కని అందరి కళ్లముందూ ఆడి చూపించినవాడు బ్రైసన్ డిషాంబో. 2020 సెప్టెంబర్‌లో న్యూయార్క్ దగ్గర వింగ్డ్ ఫుట్ కోర్సులో యూఎస్ ఓపెన్ జరిగింది. సన్నటి ఫెయిర్‌వేలు, పాదం మునిగే రఫ్. ఇక్కడ తిన్నగా కొట్టేవాడే గెలుస్తాడని పెద్దలంతా అనుకునే కోర్సు. డిషాంబో కండలు పెంచుకుని వచ్చి, వీలైన ప్రతిచోటా డ్రైవర్ తీశాడు. నాలుగు రోజుల్లో 56 ఫెయిర్‌వేలకి అతనికి దొరికింది 23. మిగతా 33 సార్లూ బంతి పక్కనే పడింది. అయినా ఆరు అండర్‌తో (మొత్తం పార్‌కన్నా ఆరు తక్కువతో), ఆరు స్ట్రోక్‌ల తేడాతో గెలిచాడు. ఆడినవాళ్లందరిలో పార్‌కి లోపల ముగించింది అతనొక్కడే. రెండో స్థానంలో నిలిచిన మాథ్యూ వుల్ఫ్ మూడో రోజు 14 ఫెయిర్‌వేల్లో రెండే పట్టుకుని 65 స్ట్రోక్‌లతో ముగించాడు.

డిషాంబో తర్కం చాలా సూటిగా ఉంది. ఫెయిర్‌వేలు అందరికీ సన్నగా ఉన్నప్పుడు అందరూ రఫ్‌లో పడతారు. అలాంటప్పుడు రఫ్‌లోంచి 180 గజాలకి 5-ఐరన్ కొట్టేవాడికన్నా, అదే రఫ్‌లోంచి 120 గజాలకి వెడ్జ్ కొట్టేవాడు నయం. ఏపు గడ్డిని కోసుకుంటూ పోవడానికి వెడ్జ్ లాంటి బరువైన, వాలు ముఖం ఉన్న క్లబ్ పనికొచ్చినట్టు పొడుగు ఐరన్ పనికిరాదు. ఆటని కష్టం చేద్దామని ఫెయిర్‌వేలు సన్నం చేసిన కొద్దీ పొడుగ్గా కొట్టేవాడికే మేలు జరిగింది. పైగా వింగ్డ్ ఫుట్‌లో ఫెయిర్‌వే తప్పితే చాలాచోట్ల దొరికేది గడ్డే. అడుగడుగునా నీళ్లూ తెల్ల కర్రలూ కాచుకుని ఉండే కోర్సు కాదది. పావు స్ట్రోక్ జరిమానాలు కట్టుకుంటూ గెలవగలిగాడు.

ఇంకో కొస చూడాలంటే 2006 బ్రిటిష్ ఓపెన్‌కి వెళ్లాలి. ఇంగ్లండ్‌లో హోయ్‌లేక్ అనే సముద్రతీరపు కోర్సు. ఆ వేసవి ఎండలకి నేలంతా గోధుమ రంగుకి తిరిగి, రోడ్డులా గట్టిపడింది. ఆ రోజుల్లో అందరికన్నా దూరం కొట్టేవాళ్లలో ఒకడైన టైగర్ వుడ్స్ నాలుగు రోజుల్లో, 72 హోల్స్‌లో, డ్రైవర్ తీసింది ఒకే ఒక్కసారి. టీల మీద ఎక్కువగా ఐరన్లే కొట్టాడు. 18 అండర్‌తో, రెండు స్ట్రోక్‌ల తేడాతో గెలిచాడు.

కారణాలు రెండు. గట్టి నేల మీద ఐరన్ బంతి కూడా చాలా దూరం దొర్లుతుంది కాబట్టి డ్రైవర్ వదిలినా పోయే దూరం తక్కువ. రెండోది, తీరపు కోర్సుల్లో ఫెయిర్‌వే బంకర్లు గుంటల్లా లోతుగా, గోడలు నిటారుగా ఉంటాయి. పడితే చాలాసార్లు పక్కకో వెనక్కో కొట్టి బయటపడటమే. బంకర్ అన్న పేరున్నా ఆ గుంటల ధర దాదాపు పెనాల్టీతో సమానం. దొర్లుతున్న నేల బంతిని వాటిలోకే తీసుకెళ్తుంది. వుడ్స్ వాటికి ఇవతలే ఆగాడు. అతను చేసిన లెక్కా డిషాంబో చేసిన లెక్కా ఒకటేననీ, నేల మారింది కాబట్టి జవాబు మారిందనీ నాకనిపిస్తుంది.

మన దేశంలో ఇదే పాఠం ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో కనిపిస్తుంది. పాత సమాధుల మధ్య నెమళ్లు తిరిగే ఆ లోధీ కోర్సులో ఫెయిర్‌వేకి రెండు పక్కలా దట్టమైన పొదలుంటాయి. వాటిలోకి వెళ్లిన బంతి దొరకడమే కష్టం, దొరికినా ఆడటం ఇంకా కష్టం. 2025 అక్టోబర్‌లో అక్కడ జరిగిన డీపీ వరల్డ్ ఇండియా ఛాంపియన్‌షిప్‌కి వచ్చిన రోరీ మెకల్‌రాయ్, ఆ వారం డ్రైవర్ కొట్టబోనని ముందే చెప్పాడు. ప్రపంచంలో డ్రైవర్‌ని అతని కన్నా బాగా కొట్టేవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పొదకి పొదకి మధ్య జాగా అతని పరిధికే చాలలేదు. ఆ టోర్నీని టామీ ఫ్లీట్‌వుడ్ 22 అండర్‌తో గెలిచాడు.

ఒకప్పుడు గురి ఒక్కటే ఆయుధంగా బతికినవాళ్లు లేరా అంటే ఉన్నారు. కాల్విన్ పీట్ పేరు తల్చుకోకుండా ఈ విషయం రాయడం నాకు ఇష్టం లేదు. చిన్నప్పుడు విరిగిన ఎడమ మోచేయి సరిగా అతుక్కోక, ఆ చేతిని పూర్తిగా చాపలేని మనిషి. ఇరవై ఏళ్లు దాటాక గోల్ఫ్ నేర్చుకుని, 1981 నుంచి 1990 దాకా వరసగా పదేళ్లు టూర్‌లో డ్రైవింగ్ గురిలో మొదటి స్థానంలో నిలిచాడు. 12 టైటిళ్లు గెలిచాడు. అప్పట్లో టూర్ సగటు డ్రైవ్ 260 గజాల దరిదాపుల్లో ఉండేది, ఇప్పుడది 300 చుట్టూ తిరుగుతోంది. అప్పటి చెక్క డ్రైవర్ల తల చిన్నది, మధ్యలో తగలకపోతే బంతి ఎటు పోతుందో చెప్పలేం. పెద్ద తలల టైటానియం డ్రైవర్లు వచ్చాక పక్కన తగిలిన దెబ్బకి కూడా శిక్ష తగ్గిపోయింది. పీట్‌కి ఉన్న ఆధిక్యాన్ని క్లబ్ తయారీదారులు అందరికీ కొంచెం కొంచెం పంచిపెట్టారు.

మరి మనలాంటి వారాంతపు ఆటగాళ్ల సంగతి? ఇప్పటిదాకా వాడిన అంకెలన్నీ టూర్ ఆటగాళ్లవి. మన విషయంలో రెండు వైపులా అంకెలు పెద్దవవుతాయి. 300 గజాల డ్రైవ్ లేనివాడికి ఇరవై గజాల విలువ ఇంకా ఎక్కువ. 190 గజాల నుంచి గ్రీన్ అందనివాడికి 170 నుంచి అందవచ్చు. అందుకే మామూలు ఆటగాణ్ణి భయపెట్టి ఐరన్లకి దింపడం నాకు నచ్చదు. అదే సమయంలో మన బంతులు పడే పరిధి ఇంకా వెడల్పు, ఓబీలు నూటికి రెండు దగ్గర ఆగవు. రౌండ్‌కి రెండు ఓబీలు కొట్టే మనిషి, అవి రెండూ ఆపితే నాలుగు స్ట్రోక్‌లు మిగుల్చుకుంటాడు. మొత్తం సీజన్ పుటింగ్ ప్రాక్టీస్ చేసినా అంత లాభం రావడం కష్టం.

హైదరాబాద్ కోర్సుల్లో దీనికి ఇంకో మెలిక ఉంది. గచ్చిబౌలి దగ్గర బౌల్డర్ హిల్స్‌లో పేరుకి తగ్గట్టే బండరాళ్లున్నాయి. రాయికి తగిలిన బంతి ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు. అలాంటి చోట రఫ్‌కి పావు స్ట్రోక్ అన్న లెక్క పనిచేయదు. మీ కోర్సులో ఏ హోల్‌కి ఏ పక్క తప్పితే ఏమవుతుందో మీకన్నా, మీ క్యాడీ (బ్యాగ్ మోసే సహాయకుడు) కన్నా బాగా ఏ పట్టికా చెప్పలేదు.

కాబట్టి ముందు మీ పరిధి తెలుసుకోండి. ప్రాక్టీస్ రేంజ్ మీద డ్రైవర్‌తో ఇరవై బంతులు కొట్టి, అన్నిటికన్నా ఎడమకి పోయినదీ అన్నిటికన్నా కుడికి పోయినదీ చూడండి. మరీ ఘోరమైనవి రెండు వదిలేయాలని మనసు లాగుతుంది. వదలొద్దు, కార్డు మీద ఎక్కేవి అవే. ఆ వెడల్పు మీకు గుర్తుండిపోవాలి. తర్వాత కోర్సులో ప్రతి టీ మీదా ఆ వెడల్పుని హోల్ మీద పరిచి చూడండి. గురి పెట్టాల్సింది ఫెయిర్‌వే మధ్యకి కాదు, ప్రమాదం లేని జాగా మొత్తానికి మధ్యకి. కుడి అంచున తెల్ల కర్రలు, ఎడమ పక్క విశాలమైన రఫ్ ఉంటే, ఎడమ రఫ్ అంచుకే గురి పెట్టి నిండుగా కొట్టండి. సగం బంతులు రఫ్‌లో పడతాయి, పడనివ్వండి. టీ బాక్స్‌లో ప్రమాదం ఉన్న పక్కకే జరిగి బంతి పెట్టుకుంటే, దానికి దూరంగా కొట్టే కోణం ఇంకాస్త తెరుచుకుంటుంది. జాక్ నిక్లాస్ లాంటివాళ్లు డ్రైవర్‌తో ఎప్పుడూ ఒకే వంపు ఆడటానికి ఇష్టపడింది కూడా ఇందుకే. బంతి ఒక పక్కకే వంపు తిరుగుతుందని తెలిస్తే, కాచుకోవాల్సిన ప్రమాదాలు సగానికి సగం తగ్గుతాయి.

ఫలితాన్ని బట్టి నిర్ణయాన్ని తీర్పు చెప్పకుండా ఉండటం వీటన్నిటికన్నా కష్టం. మొదట్లో చెప్పిన ట్రావెలర్స్ ఓటమికి నాలుగు నెలల ముందు, 2022 ఫిబ్రవరిలో ఫీనిక్స్ ఓపెన్ చివరి రోజు తీగల ఉమ్మడి ఆధిక్యంతో 17వ హోల్‌కి వచ్చాడు. టీ నుంచే గ్రీన్ అందే పొట్టి పార్-4 అది, ఎడమ పక్క నీళ్లు. అతను గ్రీన్ వైపే కొట్టాడు. బంతి నేలకి తగిలాక ఎడమకి ఎగిరి నీళ్లలోకి దొర్లింది. బోగీ (పార్‌కన్నా ఒకటి ఎక్కువ) పడి, ఒక్క స్ట్రోక్ తేడాతో ప్లేఆఫ్ (స్కోరు సమానమైనవాళ్ల మధ్య విజేతని తేల్చే ఆట) చేజారింది. ఆ హోల్‌లో టూర్ ఆటగాళ్లు చాలామంది కొట్టే షాట్ అదే. అదే షాట్ రెండు గజాలు కుడిగా పడి ఉంటే ధైర్యవంతుడని మెచ్చుకునేవాళ్లం. మరుసటి ఏడాది సెప్టెంబర్‌లో కాలిఫోర్నియాలోని నాపాలో 21 అండర్‌తో తీగల తన మొదటి టూర్ టైటిల్ గెలిచినప్పుడు కూడా డ్రైవర్ బ్యాగ్‌లోనే ఉంది, అవసరమైన చోట బయటికి వచ్చింది.